మొక్కుబడి ఆయనది, వంట నాది

డాలస్ శివార్లలో ఉంటున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు, ఊరు, సంఘం వివరాలు బయట పెట్టొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు నలభై దాటాయి, ఉద్యోగం చేస్తున్నారు. భర్త సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, వాళ్లు వెళ్లే తెలుగు చర్చిలో సంఘ పెద్దల్లో ఒకరు. ఇద్దరూ ఇంకా హెచ్‌1బి అనే ఉద్యోగ వీసా మీదే ఉన్నారు. అక్కడే పుట్టిన పద్నాలుగేళ్ల కూతురు, ఎనిమిదేళ్ల కొడుకు. జనవరిలో అత్తగారు గుంటూరు జిల్లా నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు. ఆవిడకు షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు.

2025 నవంబరులో అమెరికా ప్రభుత్వం బడ్జెట్ ఆమోదం కాక షట్‌డౌన్‌లో ఉండి, ఫుడ్ స్టాంపుల డబ్బు (తక్కువ రాబడి ఉన్న ఇళ్లకు తిండి సరుకుల కోసం ప్రభుత్వం నెలనెలా కార్డులో వేసేది) ఆగిపోయినప్పుడు, భర్త చర్చి వాళ్లతో కలిసి పేదలకు ఉచితంగా సరుకులు పంచే ఒక ఫుడ్ బ్యాంకులో పెట్టెలు సర్దడానికి వెళ్లారు. వీధి చివరి దాకా ఆగిన కార్లను చూసి వచ్చి ఆ రాత్రి సరిగ్గా తినలేకపోయారట. ఆ బాధ ఆయనలో ఉండిపోయింది. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం, శ్రమల దినాలు, 2026లో మొదలైన ఫిబ్రవరి 18న, భస్మ బుధవారం ఆరాధన నుంచి ఇంటికి రాగానే ఒక నిర్ణయం చెప్పారు. ఈస్టర్ దాకా ఇంట్లో ఐదుగురూ ఫుడ్ స్టాంపుల లెక్కలోనే తినాలి. మనిషికి రోజుకు 6 డాలర్లు, ఐదుగురికి నెలకు 900. అంతకుముందు బయటి తిండితో కలిపి 1,600 దాకా అయ్యేది. ఆమె ఏదో అనబోతే, "దేవుడికి మాట ఇచ్చేశాను" అన్నారు. చర్చ అక్కడితో ఆగిపోయింది.

అప్పటి నుంచి ఏ కొట్లో ఏది చవకో వెతకడం, రోజుకు ఇంతని కొలిచి వండడం, మిగిలినదాన్ని మర్నాటికి మార్చడం, రసీదులు దాచడం అన్నీ ఆమె పనే అయ్యాయి. బాదం, ఆకుకూరలు, చేపలు తగ్గాయి, అన్నం పెరిగింది. అత్తగారి ఫాస్టింగ్ షుగర్ 130 దగ్గర ఉండేది ఇప్పుడు 190 చూపిస్తోంది. కూతురు మొదట్లో అందరికన్నా ఉత్సాహంగా ఉంది. ఇప్పుడు డబ్బా సగం అలాగే వెనక్కి తెస్తోంది, "ఆకలి లేదు, నా వాటా నానమ్మకి పెట్టు" అంటోంది. స్నేహితుడి పుట్టినరోజుకు పిజ్జా పార్టీ అని పిలిస్తే కొడుకును పంపలేదు. అత్తగారు ఒకరోజు కొడుకుతో అన్న మాటను కూడా ఆమె రాశారు: "రెండు రూపాయల బియ్యం రోజుల్లో కూలి దొరక్క నూకల జావ తాగాం రా. ఇప్పుడు చేతిలో డబ్బుండి ఎందుకిది?" ఆయన నవ్వి ఊరుకున్నారట.

మార్చి 8 ఆదివారం ఆయన చర్చిలో సాక్ష్యం, అంటే తన విశ్వాస అనుభవం అందరి ముందూ, చెప్పారు. రసీదుల ఫోటోలు స్క్రీన్ మీద చూపించి, రెండు వారాల్లో 40 డాలర్లు మిగిలాయని, ప్లానింగ్ ఉంటే ఎవరైనా బతకొచ్చని, అసలు సమస్య క్రమశిక్షణేనని అన్నారు. చప్పట్లు కొట్టారు. హాల్లో వెనక వరసలో కూర్చున్న ఒక సోదరి భోజనాలకు ఆగకుండా వెళ్లిపోయారు, తర్వాతి ఆదివారం రాలేదు. ఆమె ఎందుకు వెళ్లారో మన పాఠకురాలికి తెలుసు. కొన్ని నెలల క్రితం ఇండియన్ స్టోర్ కౌంటర్ దగ్గర ఆ సోదరి ఫుడ్ స్టాంపుల డబ్బు పడే ఈబీటీ కార్డు గీకుతుండగా చూశారు. ఇద్దరూ చూపులు తిప్పుకున్నారు. ఆ విషయం ఎవరికీ చెప్పలేదు, భర్తకు కూడా.

"ఆపమంటే దేవుడి పనికి అడ్డుపడినట్టా? ఊరుకుంటే నా పిల్ల, మా అత్తయ్య ఏమవుతారు? ఆ సోదరి సంగతి ఈయనకు చెప్పాలా? ఆకలిగా ఉన్నవాళ్ల కోసం మొదలైన పని మీద నాకు ఇంత కోపం రావడం ఏమిటని సిగ్గుగా ఉంది" అని ముగించారు.

సమాధానం:

అమ్మా, దేవుడి సంగతి, సంఘం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ అత్తగారి షుగర్. ఈస్టర్ దాకా ఆగే పని కాదది. ఈ వారమే ఇండియాలో ఆవిడను చూసే డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి అంకెలు చెప్పండి, అవసరమైతే మీ దగ్గర క్లినిక్‌లో చూపించండి. మాత్రలు మీరే పెంచకండి. అన్నం పెరిగితే షుగర్ ఎక్కడమే కాదు, కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకుంటూ తిండి తగ్గిస్తే అది హఠాత్తుగా పడిపోతుంది కూడా, వృద్ధులకు అది ఇంకా ప్రమాదం. పైగా చాలా విజిటర్ ఇన్సూరెన్సులు ముందే ఉన్న జబ్బులకు డబ్బు కట్టవు. ఒక్క రాత్రి ఎమర్జెన్సీకి వెళ్తే ఈ నలభై రోజుల్లో మిగిలిన డబ్బు ఏ మూలకూ సరిపోదు. ఆవిడ రాగులు, కూరలు, గుప్పెడు గింజలు ఇవాళే కంచంలోకి తిరిగి రావాలి. దీనికి మీరు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

రెండోది మీ అమ్మాయి. పద్నాలుగేళ్ల పిల్ల "నా వాటా నానమ్మకి" అంటే వినడానికి ఎంతో బాగుంటుంది. చర్చిలో చెబితే ఇంకా బాగుంటుంది. అందుకే నాకు టెన్షన్. ఆ వయసులో తిండి మానడానికి ఒక పవిత్రమైన కారణం దొరికితే, దాని వెనక బరువు గురించిన భయం దాక్కుంటే పెద్దవాళ్లకు త్వరగా కనపడదు. నేను చూడని పిల్లకు పేరు పెట్టి జబ్బు అంటగట్టను. కానీ డబ్బా మీద కన్నేసి ఉంచండి, అందరి ముందూ అడక్కుండా కారులో ఇద్దరే ఉన్నప్పుడు అడగండి, ఈ నెలలోనే పిల్లల డాక్టరు దగ్గర బరువు చూపించండి. ఇంకో సంగతి మీ వారికి చెప్పండి: ఫుడ్ స్టాంపులు వచ్చే ఇంటి పిల్లలకు బడిలో ఉచిత భోజనం దానంతట అదే వర్తిస్తుంది. అంటే ఆయన పెట్టిన నియమం ప్రకారం చూసినా పిల్లల మధ్యాహ్న భోజనం ఆ 900లో లెక్కకు రాకూడదు. రేపటి నుంచి ఇద్దరూ కెఫెటీరియాలో కడుపునిండా తినొచ్చు.

ఇక మీ కోపం. ఆకలి మీద జాలిపడ్డ మనిషి మీద మీకు కోపం లేదు. ఆయన మాట ఇచ్చారు, ఆ మాట నిలబెట్టే చాకిరీ మీ మీద పడింది, ఒప్పుకుంటావా అని మిమ్మల్ని ఒక్కసారి కూడా అడగలేదు. కోపం అక్కడిది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. భార్యాభర్తలు ప్రార్థన కోసం కొన్నాళ్లు దూరంగా ఉండాలన్నా ఇద్దరి సమ్మతితోనే, అదీ కొంతకాలమే అని బైబిల్లో పౌలు కొరింథీయులకు రాశాడు. పడకగది గురించి చెప్పిన ఆ సమ్మతి వంటగదికి వర్తించదా అని మీ వారినే అడగండి. ఆయన సంఘ పెద్ద, వాక్యం తెలిసిన మనిషి, జవాబు ఆలోచిస్తారు.

ఆయన లెక్క దగ్గరికి వద్దాం. నాకు ఇక్కడ చెప్పాల్సింది చాలా ఉంది.

మనిషికి రోజుకు 6 డాలర్లు అన్నది ఆయన గాలిలోంచి తీసింది కాదు. 2024లో ఫుడ్ స్టాంపుల సగటు మనిషికి నెలకు 187 డాలర్ల దగ్గర ఉంది, భాగిస్తే అంతే వస్తుంది. కానీ సగటుతో ఏ ఇల్లూ నడవదు. ఈ పథకంలో ఒక ఇంటికి వచ్చే గరిష్ఠ మొత్తం ఒకటి ఉంటుంది, అందులోంచి లెక్కలోకి వచ్చే ఆదాయంలో 30 శాతం తీసేసి మిగిలింది ఇస్తారు. ఆ 30 శాతం మీ జేబులోంచి తిండికి పెట్టుకుంటారని ప్రభుత్వం అనుకుంటుంది. ఆ డబ్బు ఇంటద్దెకు పోయిందా, కారు రిపేరుకు పోయిందా అన్నది వేరే సంగతి.

ఇప్పుడు మీ ఇంటినే తీసుకోండి. హెచ్‌1బి మీద ఉన్న మీ ఇద్దరికీ ఫుడ్ స్టాంపులు రావు. విజిటర్ వీసా మీద ఉన్న అత్తగారికి రావు. గ్రీన్ కార్డు వచ్చినా పెద్దవాళ్లు చాలామంది ఐదేళ్లు ఆగాలి. అక్కడ పుట్టిన మీ పిల్లలిద్దరికి మాత్రమే అర్హత. ఇద్దరున్న ఇంటికి 2026 ఆర్థిక సంవత్సరంలో గరిష్ఠం నెలకు 546 డాలర్లు. మీ ఉద్యోగాలు పోయి, ఏదో చిన్న రాబడి, లెక్కలోకి వెయ్యి డాలర్లు వచ్చేలా ఉందనుకోండి. 300 పోయి 246 చేతికొస్తాయి. పేరుకు ఇద్దరు పిల్లలవి, తినేది ఐదుగురు. మీ వారు 900తో మొదలుపెట్టారు. ఆయనకు నిజంగా వాళ్ల జీవితం ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంటే ఈ లెక్క ఒక కాగితం మీద వేసి చూపించండి. 246తో బతుకుదాం అని మాత్రం అననివ్వకండి!

ఆ 40 డాలర్లు మిగలడం వెనక సంగతి కూడా ఉంది. మొదలుపెట్టే నాటికి ఇంట్లో 20 పౌండ్ల సోనామసూరి బస్తా ఉంది, గుంటూరు నుంచి అత్తగారు తెచ్చిన కారం, గోంగూర పచ్చడి, ఆవకాయ ఉన్నాయి. ప్రెషర్ కుక్కర్, గ్యారేజీలో పెద్ద ఫ్రీజరు, కాస్ట్‌కో కార్డు, ఏ కొట్టుకైనా వెళ్లడానికి కారు ఉన్నాయి. కందిపప్పుతో నాలుగు రకాలు చేయగలిగిన మీరున్నారు, కూరలు తరిగి పెట్టే అత్తగారున్నారు. ఇవేవీ ఆయన స్క్రీన్ మీద చూపిన రసీదుల్లో లేవు. మన పప్పన్నం చవకైన తిండి, ఆరు డాలర్లలో ఒక మనిషికి నడవడం తెలుగువాళ్లకు అంత కష్టం కాకపోవచ్చు కూడా. రెండు షిఫ్టులు చేసి బస్సులో ఇంటికొచ్చి, ఒక్క పొయ్యి మీద వండుకునే తల్లికి అదే డబ్బు వేరేలా ఖర్చవుతుంది. ఆ కార్డుతో సబ్బు కొనడానికి లేదు, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, విటమిన్ మాత్రలు కొనడానికి లేదు, కొట్లో వేడిగా అమ్మే కోడి కూడా కొనడానికి లేదు. మీ ఇంట్లో అవన్నీ మామూలు కార్డు మీద వచ్చాయి కదా? నెలకు ఒక్కసారి డబ్బు పడుతుంది, చివరి వారానికి చాలామందికి ఖాళీ అవుతుంది. కొన్ని నెలలకోసారి మళ్లీ కాగితాలు పెట్టాలి. ఎవరైనా మిషన్ దగ్గర కార్డు వివరాలు దొంగిలించి డబ్బు లాగేస్తే 2024 డిసెంబరు 20 తర్వాత కేంద్రం దాన్ని తిరిగి ఇవ్వడం లేదు.

అన్నిటికన్నా పెద్ద తేడా, మీ వారికి ఏప్రిల్ 5న ఈస్టర్ ఉంది. ఆ రోజు మటన్ బిర్యానీ వండుకుంటారు. నిజంగా ఆ కార్డు మీద బతికేవాళ్లకు అలాంటి తేదీ ఏదీ లేదు.

అలాగని ఇదంతా నాటకం అని కొట్టిపారేయను. ఇలాంటి ప్రయోగాలు అమెరికాలో చాలాకాలంగా ఉన్నాయి, కొన్నిటి వల్ల మేలు జరిగింది. 2007లో జిమ్ మెక్‌గవర్న్ అనే కాంగ్రెస్ సభ్యుడు, మరికొందరు సభ్యులు వారానికి 21 డాలర్లతో తిని చూపించారు. అప్పటి సగటు అంతే. చట్టసభలో ఆ పథకం గురించి మాట్లాడటానికి వాళ్లకు అది పనికొచ్చింది. 2011లో యూదు, క్రైస్తవ, ముస్లిం సంస్థలు కలిసి విశ్వాసులతో అలాంటి వారమే చేయించాయి. 2012లో కోరీ బుకర్ న్యూజెర్సీలోని నెవార్క్ మేయరుగా ఉండగా ఒక వారం చేశారు. 2015లో నటి గ్వినెత్ పాల్ట్రో 29 డాలర్ల సరుకుల ఫోటో పెట్టారు, అందులో ఏడు నిమ్మకాయలు! నాలుగో రోజుకు వదిలేశారు, జనం నవ్వారు, అయినా ఆ వంకన చాలామంది ఆ మొత్తం ఎంతో తెలుసుకున్నారు. వీటన్నిటిలో గమనించండి, ఎవరికి వారు చేశారు, చేసింది మహా అయితే ఒక్క వారమే, ఆ తర్వాత "ఈ డబ్బు చాలదు" అని చెప్పారు. మీ వారు ఐదుగురి మీద నలభై రోజుల నియమం పెట్టి, మూడు వారాలు కాకముందే "ఈ డబ్బు చాలు, వాళ్లకు క్రమశిక్షణ లేదు" అని చెప్పారు. ఫుడ్ బ్యాంకు నుంచి వచ్చి అన్నం తినలేకపోయిన మనిషి మార్చికి అక్కడికి ఎలా చేరారో నాకు కొంత అర్థమవుతుంది. కష్టమైన పని అనుకున్నది తేలికగా అయిపోతే, ఆ తేలిక తన గొప్పతనం అనిపిస్తుంది. ఎందుకు తేలికైందో చూడాలంటే వంటగదిలోకి రావాలి.

కాబట్టి మీ ముందున్న దారుల గురించి మాట్లాడుకుందాం.

ఈస్టర్‌కు ఎంతో దూరం లేదు కదా, పళ్లు బిగించి ఊరుకోవచ్చు. అత్తగారిని, పిల్లలను పక్కన పెడితే, మీ ఇద్దరి వరకు ఇది నడుస్తుంది. గొడవ ఉండదు. కానీ వచ్చే ఏడాది మళ్లీ వస్తుంది, ఈసారి సంఘమంతా చేద్దామంటారు, మెనూ ప్లాన్ మిమ్మల్నే రాయమంటారు. ఇప్పుడు మింగిన కోపం అప్పటికి పోదు.

"నేను వండను, కావాలంటే మీరే చేసుకోండి" అని ఒక్కసారిగా ఆపేయొచ్చు. మీకు ఆ హక్కు ఉంది. ఆయన స్వభావం మీకు తెలుసు, నాకు తెలియదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆయన మొండిగా ఒంటరిగా కొనసాగించి, ఇంకా తక్కువ తిని, దాన్ని కూడా శ్రమగా భావించే అవకాశం ఉంది. పిల్లల కళ్లకు నాన్న భక్తుడు, అమ్మ అడ్డుపడింది అన్నట్టు మిగులుతుంది. అన్యాయం, కానీ అలా జరుగుతుంది.

మధ్యలో ఒకటుంది, నాకు మొగ్గు అటే. మాట ఆయన ఇచ్చారు, ఆయన్నే నిలబెట్టుకోనివ్వండి. తన 6 డాలర్లు తాను తీసుకుని, తన సరుకులు తాను కొని, తాను వండుకుని, గిన్నెలు తోముకుని ఈస్టర్ దాకా చేయమనండి. మిగిలిన నలుగురు మామూలుగా తింటారు. ఇందులో ఆయన మొక్కుబడి ఒక్క రోజు కూడా తప్పదు. ఇబ్బంది లేకపోలేదు. ఒకే బల్ల మీద రెండు రకాల భోజనాలు, అత్తగారు కొడుకు కంచం చూసి కళ్లనీళ్లు పెట్టుకోవడం, అబ్బాయి ప్రశ్నలు. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి ఎనిమిదింటికి శనగలు ఉడకబెట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఆయనకు చిరాకు వస్తుంది, అది మీ మీదకే రావచ్చు. మీరు జాలిపడి చెయ్యి వేయకుండా ఉండగలరా అన్నది కూడా చూసుకోండి. మనలో చాలామందికి అదే కష్టం. కానీ ఆయన తెలుసుకోవాలనుకున్నది ఏదైనా ఉంటే, ఆ ఎనిమిది గంటల వేళే తెలుస్తుంది.

అందరూ కలిసి ఉండాలని ఆయన పట్టుబడితే, ఇంకో పద్ధతి ఉంది. మిగిలిన రోజుల్లో ఒక వారం, పెద్దవాళ్లిద్దరే. కొనడం, వండడం ఇద్దరికీ సగం సగం. ఇంట్లో ముందే ఉన్న సరుకు ముట్టుకోకూడదు, సబ్బు, టాయిలెట్ పేపరు కూడా వేరే కవరులోంచే. తర్వాత ఏం జరిగిందో ఇద్దరూ కూర్చుని రాసుకోండి. ఇది నలభై రోజులకన్నా నిజాయితీగా ఉంటుందని నా అనుమానం. ఆయన మాత్రం దీన్ని "తగ్గించడం" అనుకుంటారు, మాట తప్పానని బాధపడతారు. పాస్టరు గారితో ఆయన్నే ఒకసారి మాట్లాడమనండి. తల్లి ఆరోగ్యం పాడయ్యేలా ఉంటే మొక్కుబడి సడలించమని చెప్పని పాస్టరు అరుదు.

మీ ఉత్తరంలో ఒక ప్రశ్నకు జవాబు దొరకలేదు. నెలకు 1,600 అయ్యేది 900కు తగ్గింది. ఆ 700 డాలర్లు ఎక్కడున్నాయి? బ్యాంకులోనే ఉంటే, పేదవాళ్ల పేరు చెప్పి మీరు పొదుపు చేసినట్టు అయింది. బైబిల్లో యెషయా గ్రంథం 58వ అధ్యాయం ఆయనకు కంఠతా వచ్చే ఉంటుంది. ఉపవాసం అంటే తలవంచి గోనెపట్ట కట్టుకోవడం కాదని, నీ అన్నం ఆకలిగా ఉన్నవాడికి పెట్టడమని అందులో ఉంది. డబ్బు నవంబరులో ఆయన పెట్టెలు సర్దిన ఫుడ్ బ్యాంకుకు వెళ్తే మీ చాకిరీకి కూడా ఒక అర్థం ఉంటుంది. లేదా ఆయన చదువును వాడొచ్చు. మన తెలుగువాళ్లలో అర్హత ఉండి కూడా గ్రీన్ కార్డుకు అడ్డొస్తుందేమో, నలుగురికి తెలుస్తుందేమో అనే భయంతో పిల్లల కోసం దరఖాస్తు పెట్టని తల్లులున్నారు. టెక్సాస్‌లో 211 అనే సహాయ నంబరుకు ఫోన్ చేస్తే దరఖాస్తు దారి చెబుతారు, వీసా భయం ఉన్నవాళ్లు ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగడం మంచిది. ఇంగ్లిషు ఫారాలు చూసి బెదిరిపోయే వాళ్ల పక్కన ఒక శనివారం కూర్చుని నింపిపెట్టే మనిషి చర్చిలో ఉంటే బాగుంటుంది. ఎక్సెల్ షీట్లు అంత బాగా చేసే మనిషికి అది కష్టం కాదు.

ఇప్పుడు ఆ సోదరి. ఆమె గురించి మీరు రాసిన మిగతా వివరాలు కావాలనే ఇక్కడ వేయలేదు. మీ సంఘంలో ఎవరైనా ఇది చదివితే గుర్తుపట్టేస్తారు.

మీ వారికి పేరు చెప్పకండి. ఆయన చెడ్డవారని కాదు, మంచివారు కాబట్టే. చెబితే ఆ సాయంత్రమే ఫోన్ చేస్తారు, క్షమాపణ అడుగుతారు, సరుకులు పట్టుకెళ్తారు, ప్రార్థన చేస్తారు. ఆమె ఇన్నాళ్లు దాచుకున్నది ఒక్క గంటలో పెద్దల మీటింగుకు చేరుతుంది. కౌంటర్ దగ్గర ఇద్దరూ చూపులు తిప్పుకున్నారే, అప్పుడే మీరు ఆమెకు నోరు విప్పని మాట ఒకటి ఇచ్చినట్టు.

పేరు లేకుండా చెప్పొచ్చా? చెప్పొచ్చు, చెప్పాలి కూడా. 2024లో అమెరికాలో దాదాపు ఎనిమిది మందిలో ఒకరు ఈ కార్డు మీద సరుకులు కొన్నారు. "మన హాల్లో కూర్చున్నవాళ్లలో అలాంటివాళ్లు ఒక్కరూ ఉండరని ఎలా అనుకున్నారు? వాళ్లుంటే ఆ రోజు మీ మాట ఎలా వినపడి ఉంటుంది?" అని అడగండి, అక్కడే ఆగండి. ఆయన "ఎవరు, ఎవరు" అని అడుగుతారు. "నాకు తెలిసినా చెప్పను" అనండి. చిన్న సంఘం కాబట్టి, ఎవరు రావడం మానేశారో చూసి ఊహించే ప్రమాదం ఉంది. అందుకే ఈ మాట ఆ సోదరి మళ్లీ రాకముందు ఎత్తాలా, వచ్చాక ఎత్తాలా అన్నది మీరు ఆలోచించుకోండి. ఇప్పుడే ఎత్తితే ఊహ ఆమె మీదకు పోతుంది. ఆలస్యం చేస్తే ఈలోగా ఆయన ఇంకో చర్చిలో అదే సాక్ష్యం చెప్పేస్తారు. నేనైతే సాక్ష్యం ఇంకోసారి చెప్పవద్దని మాత్రం వెంటనే అడుగుతాను. కారణంగా మత్తయి సువార్త 6వ అధ్యాయం చాలు: ఉపవాసం చేస్తున్నప్పుడు తలకు నూనె రాసుకో, ముఖం కడుక్కో, మనుషులకు తెలియనివ్వకు. దానికి ఎవరి పేరూ అక్కర్లేదు.

సవరణ ఎప్పుడు, ఎలా అంటే, ఆయన నోటితోనే జరగాలి. "ఆ రోజు నేను చెప్పింది పూర్తి కాదు, నా లెక్కలో ఇవి వదిలేశాను" అని సబ్బు దగ్గర నుంచి మీ చాకిరీ దాకా చెబితే, వెనక వరసలో ఎవరున్నా వింటారు. అందరి ముందు అలా అనడం సంఘ పెద్దకు తేలిక కాదు, తొందరపెట్టకండి. ఈస్టర్ తర్వాత అయినా పరవాలేదు.

ఆ సోదరితో మీరేం చేయాలి? ఆ కార్డు సంగతి ఎత్తకండి. సరుకులు పంపకండి. పండగ భోజనానికి ఎప్పుడూ ఎలా పిలుస్తారో అలాగే పిలవండి, పాయసమో, పెరుగు గారెలో చేసుకు రమ్మని అడగండి. ఒట్టి చేతులతో పిలిస్తే జాలి అనుకుంటుంది. "ఆ రోజు మా వారి మాటలు నాకూ నచ్చలేదు" అని ఒక్క ముక్క అనొచ్చా అంటే, అనొచ్చు. మీరు అర్థం చేసుకున్నారని తెలిసి ఆమెకు ఊరట కలగొచ్చు, లేదా తన గుట్టు మీ దగ్గర ఉందని గుర్తొచ్చి ఇంకా దూరం జరగొచ్చు. మీ ఇద్దరి చనువును బట్టి ఉంటుంది. ఆమె రాకపోతే వదిలేయండి. వేరే సంఘానికి వెళ్లే హక్కు ఆమెకుంది.

చివరగా, మీ అత్తగారు. ఆరు డాలర్ల లెక్కలు, స్క్రీన్ మీద రసీదులు ఎందుకు? మీ వారు తెలుసుకోవాలనుకున్న జీవితాన్ని బతికిన మనిషి మీ ఇంట్లోనే సోఫాలో కూర్చుని ఉన్నారు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడు ఆవిడ పిల్లల తల్లి. ఆ సంచి పట్టుకుని ఎంతసేపు నిలబడేవారు, నెలలో ఏ తేదీకి బియ్యం అయిపోయేవి, అప్పుడు ఎవరి ఇంటికి వెళ్లి అడిగేవారు, ఎవరి ఇంటికి ప్రాణం పోయినా వెళ్లేవారు కాదు, పిల్లలకు పెట్టి తను తిన్నానని ఎన్నిసార్లు అబద్ధం చెప్పారు. ఇవి ఆయన తల్లిని ఎప్పుడూ అడిగి ఉండరు. "ఎందుకురా ఇది" అని ఆవిడ అడిగిన రోజు ఆయన నవ్వకుండా కూర్చుని ఉంటే చాలా తెలిసేది. మీరు మాట్లాడాలనుకున్న రోజు ఆవిడను కూడా కూర్చోబెట్టండి. ఆపమని కొడుక్కి చెప్పమని మాత్రం అడగకండి, తల్లిని మీ వైపు తిప్పుకున్నారని ఆయన అనుకుంటారు. ఆ రోజుల గురించి చెప్పమనండి, పిల్లలను కూడా ఉండనివ్వండి. అమ్మాయి అయితే తప్పకుండా ఉండాలి. కావాలని ఆకలితో ఉండటం వేరు, ఆకలి తప్పకపోవడం వేరు అని నానమ్మ నోట వింటే ఆ డబ్బా సంగతి తనే మాట్లాడొచ్చు.

ఆయన దేనికీ ఒప్పుకోకపోతే? అత్తగారి కంచం, పిల్లల కంచాలు మీ చేతిలో ఉన్నాయి, వాటిని మామూలుగా పెట్టేయండి. ఆయన పెట్టుకున్న నియమం ఆయన కంచం వరకే అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పి, ఆ తర్వాత రోజూ వాదించకండి. డాక్టరు ఏమన్నారో, అమ్మాయి బరువు ఎంత ఉందో ఏప్రిల్లో మళ్లీ రాయండి.